దర్వాజలో పట్టని సాంచ

తిరిగొచ్చి మూడు వారాలైంది. అరచేతుల్లో బొబ్బలు ఇంకా పూర్తిగా మానలేదు. మానకముందే వాటి ఫోటోలు మా సంఘం వాట్సాప్ గ్రూపులో రెండు విడతలుగా వెళ్లాయి. మొదటి విడత పెట్టింది నేనే. వరసగా వచ్చిన దీవెనలన్నీ చదువుకుంటూ ఒక పూటంతా మురిసిపోయాను. ఆ తర్వాత సిగ్గేసింది. అక్కడ అసలేం జరిగిందో వెళ్లనివాళ్లకి కూడా తెలియాలని ఇది రాస్తున్నాను.

ముందు మా ఘనత చెప్పాలి. తెనాలి నుంచి తొమ్మిది మందిమి బయల్దేరాం. వానాకాలం చివర్లో మానేరు పొంగి తంగళ్ళపల్లిలో కొన్ని ఇళ్లు కూలాయని విని, అందులో ఒక ఇల్లు మా చేతులతో మేమే కట్టిద్దామని తీర్మానించాం. తొమ్మిది మందిలో ఇటుక మీద ఇటుక పెట్టడం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. పాటలు పాడేవాళ్లు ఆరుగురున్నారు. సంఘ పెద్ద దానియేలు గారు తొమ్మిది పసుపు టీషర్టులు, ఒక గ్రానైట్ శిలాఫలకం, ఒకే ఒక తాపీ పట్టుకొచ్చారు. శిలాఫలకం మీద మా తొమ్మిది మంది పేర్లూ బంగారు రంగులో ముందే చెక్కించారు. ఇల్లు ఇంకా లేదు, పేర్లు మాత్రం సిద్ధం.

ఇక ప్లాను నాది. ముప్ఫై ఏళ్లు బడిలో డ్రాయింగు చెప్పిన సుగుణ టీచరున్నప్పుడు ఇంజినీరెందుకని అందరూ అన్నారు. నేనూ కాదనలేదు. ఆ ఊరు చూడకుండా, ఆ ఇంటావిడ మొహం చూడకుండా, మా డైనింగ్ టేబుల్ మీద రెండు గదుల ఇల్లు గీశాను. కిటికీకి కర్టెన్ కూడా గీశాను. మాకంటే ముందు మా సంఘం నుంచి వెళ్లిన ఇంకో బృందం దాని ప్రకారమే పునాది వేసి వచ్చింది.

జగిత్యాల

మాకు బస ఇచ్చిన సంఘం జగిత్యాలలో ఉంది. తెల్లారి దిగగానే బస్టాండు ఎదురుగా ఒక చాయ్ హోటల్లో కూలబడ్డాం. నడిపేది డెబ్భై ఏళ్ల ముసలమ్మ. మా తొమ్మిది పసుపు టీషర్టుల్నీ ఒక్కొక్కటిగా చూసి నా దగ్గర ఆగింది.

"ఏ కంపెనీ బిడ్డా మీది?"

"కంపెనీ కాదమ్మా. ఇళ్లు కట్టడానికొచ్చాం."

"ప్లాట్లా? నిరుడు గిట్లనే ఒక్క తీరు అంగీలేసుకొని అచ్చిండ్రు. ప్లాట్లని పైసలు తీస్కపోయిండ్రు. ఇగ మళ్ల కనబడలే."

దానియేలు గారు మేం క్రైస్తవులమనీ, వరదలో ఇల్లు పోయినవాళ్లకి ఉచితంగా కట్టిస్తామనీ వాక్యం చెప్పే ధోరణిలో వివరించారు. ఆవిడకి అనుమానం తగ్గకపోగా పెరిగింది.

"ఉత్తగనే కడ్తరా? మరి మీ ఊర్ల ఇండ్లు లేనోళ్లు ఎవలూ లేరా?"

దీనికి మా దగ్గర వాక్యం లేదు. చాయ్ చల్లారేదాకా విచారణ సాగింది. చివరికి డబ్బులివ్వబోతే ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఉత్తగ కట్టేటోళ్లకు ఉత్తగనే చాయ్. గానీ జర మంచిగ కట్టుండ్రి" అంది. మొత్తం ప్రయాణంలో మాకెవరైనా పనికొచ్చే సలహా ఇచ్చారంటే అది ఇదే.

ఆ రాత్రి జగిత్యాలవాళ్లు మాకు పెట్టిన భోజనం గురించి మా ఇంట్లో ఇప్పటికీ తగవు నడుస్తోంది. సర్వపిండి అని, బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ ఉల్లికాడలూ కలిపి గిన్నెకి అద్ది కాలుస్తారు. అలాంటిదొకటి మా వైపు లేకపోవడం మా వైపు తప్పే. పచ్చిపులుసు దగ్గర మాత్రం నేను నోరు జారాను. "ఇది కాయడం మర్చిపోయారా?" అనడిగాను. వడ్డిస్తున్నావిడ ఇంకో గరిటె పోసింది. మూడో గరిటెకి నేనే గిన్నె చాచాను.

కోరుట్ల

ఇల్లు మేమే కడతామని తీర్మానం చేశాం కాబట్టి, కట్టడానికి ఒక మేస్త్రీని వెతుక్కున్నాం. కోరుట్లలో రాజేశం దొరికాడు. నలభై అయిదేళ్లుంటాయి. పన్నెండేళ్లు మస్కట్‌లో గోడలు కట్టి, నడుము పట్టేశాక తిరిగొచ్చాడు.

"మా బాపు తాళ్లెక్కిండు, కల్లు గీసిండు. నేను మస్కట్ల బిల్డింగులెక్కిన. ఎక్కుడైతె తప్పలే మేడం" అన్నాడు.

తర్వాత మావాళ్ల చేతులు చూపించమన్నాడు. తొమ్మిది జతల చేతులూ చూసి, "మీరు నీళ్లు పొయ్యుండ్రి. గోడలు తడవాలె గద" అన్నాడు. అలా మా ఉద్యోగాలు ఖాయమయ్యాయి.

తలుపు కొనడం మాత్రం నాకే వదిలేశారు. కలప అడితిలో ఒక టేకు తలుపు కనపడింది, గడప, గుమ్మం, రెక్కతో సహా. వీళ్లు మొత్తాన్నీ దర్వాజ అంటారు. రెండు నెమళ్లు, మధ్యలో ద్రాక్ష గుత్తి చెక్కి ఉంది. దుబాయిలో ఉన్న ఎవరో మేడ మీద గదికి చేయించుకుని, ఆఖరికి వద్దన్నారట. అందుకే అడితి యజమాని సగం ధరకిస్తానన్నాడు. తెనాలిలో ఆ ధరకి నెమలి తోక కూడా రాదు. నేను మురిసిపోతుంటే రాజేశం టేపు తీసి కొలిచాడు.

"మూడడుగులే ఉన్నది మేడం. ఇంటి ముంగటి దర్వాజకు చిన్నగైతదేమో?"

"ఇద్దరుండే ఇంటికి మూడడుగులు చాలదా? ఏనుగులు తిరుగుతాయా?" అన్నాను.

ఆ ఏనుగు మాట నాకు తర్వాత బాగా గుర్తొచ్చింది.

రుద్రంగి

సిరిసిల్ల వైపు వెళ్తుంటే రుద్రంగి దగ్గర రోడ్డు సగం పసుపుపచ్చగా ఉంది. మక్కలు ఆరబోశారు, అంటే మొక్కజొన్న గింజలు. వానకి తడిసినవాటిని ఎండ కాసిన పూటే ఆరబెట్టుకోవాలి. మా వైపు ధాన్యం ఆరబోస్తారు కాబట్టి నాకు వింతేమీ కాదు. దానియేలు గారికి మాత్రం అదొక దృశ్యం. వ్యాను ఆపించి, బూట్లతో నేరుగా ఆ గింజల మధ్యలోకి నడిచి, చేతులు చాచి ఫోటోకి నిలబడ్డారు.

పొలం గట్టు మీద నుంచి ఒకావిడ పరుగున వచ్చింది. "ఓ సారూ! గవి మక్కలు. తివాసి కాదు. దిగు, దిగు!"

దానియేలు గారు దిగారు. దిగేటప్పుడు ఇంకో నాలుగు దోసిళ్లు తొక్కారు. ఆవిడ తిట్టాల్సినంతా తిట్టి, మా టీషర్టుల వెనకాల రాసింది ఎవరితోనో చదివించుకుని, "సేవనా? మంచిది. గిట్ల తొక్కకుండ చెయ్యుండ్రి సేవ" అంది. వెళ్లబోతుంటే పిలిచి కాల్చిన కంకులు తొమ్మిది ఇచ్చింది. ఇక్కడ తిట్టిన నోటితోనే తినమంటారు. మా వైపు రెండూ వేర్వేరు రోజుల్లో జరుగుతాయి.

తంగళ్ళపల్లి

ఇల్లు ఎవరికోసమో ఆవిడ పేరు వనజ. నలభై దాటలేదు. సన్నగా, మాట తక్కువగా ఉంటుంది. వరదలో ఇల్లు పడిపోయింది. భర్త శంకర్‌కి ఒక సాంచ ఉండేది. మరమగ్గాన్ని ఇక్కడ సాంచ అంటారు. అది బురదలో మునిగింది. పని పోయిన శంకర్ మహారాష్ట్రలోని బీవండి వెళ్లి అక్కడ ఎవరి మగ్గాల మీదో కూలికి చేరాడు. వనజ పగలంతా సిరిసిల్లలో ఇంకొకరి దగ్గర నూలు కండెలు చుట్టడానికి వెళ్తుంది, సాయంత్రం వస్తుంది.

"సాంచను మెకానిక్ బాగుచేస్తున్నడు. ఆసామి పై సోమవారం దాక బీము ఆపుతనన్నడు" అని మొదటిరోజే చెప్పింది. ఆసామి అంటే నూలిచ్చి నేయించుకునే యజమాని. నూలు చుట్టిన బీము ఆయన దగ్గర నుంచి రావాలి. "సోమవారం సాంచ నడిస్తె మా ఆయన అస్తడు. లేకుంటె బీము ఇంకొకలకు పోతది. ఆయన ఆడనే ఉంటడు. బీవండి పోయినోళ్లు తొందరగ ఎల్లిరారు టీచరమ్మా."

అంతా విన్నాను. విని, ఎంతో దయగా, నా ప్లాను తీసి చూపించాను. ఆవిడ ముందుగదిలో వేలు పెట్టి అడిగింది.

"గిదేంది?"

"సోఫా."

"ఎవలిది?"

"మీదే."

ఆవిడ కాగితం జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చింది.

నాలుగోరోజు దర్వాజ నిలబెట్టారు. మనవైపు గుమ్మం ఎత్తడం లాంటిదే గానీ ఇక్కడ ఇంకా పట్టింపు ఎక్కువ. గడప కింద నవధాన్యాలూ ఒక నాణెమూ కొత్త గుడ్డలో కట్టి పెట్టారు. నా నెమళ్లకి పసుపు రాశారు, బొట్లు పెట్టారు, మామిడాకులు కట్టారు. దానియేలు గారి మొహం చూడాలి. అటు కాదనలేరు, ఇటు నిలబడలేరు. వనజే దారి చూపించింది. "మీ ప్రార్థన మీరు చేసుకోండ్రి సార్. మా కడపను మేం మొక్కుకుంటం." ఆయన కళ్లు మూసుకుని మొదలుపెట్టిన ప్రార్థన ఎంతకీ తెమలలేదు. మధ్యలో కొబ్బరికాయ ఫట్‌మని పగిలింది. అదిరిపడి ఆమెన్ అనేశారు. అందరం కొబ్బరిముక్కలు తిన్నాం. ఆయన తనది జేబులో పెట్టుకున్నారు.

ఆ సాయంత్రమే వనజ నా దగ్గరికొచ్చింది. "టీచరమ్మా, సాంచ అచ్చేదాక ముంగటి గోడ ఆపరాదుండ్రి."

"మగ్గం సంగతి తర్వాత చూద్దాంలే. ముందు ఇల్లు పూర్తి కానీ" అన్నాను. పిల్లలకి చెప్పినట్టు భుజం కూడా తట్టాను. ఆవిడ మళ్లీ ఎత్తలేదు.

గోడలు లేచాయి. మేం నీళ్లు పోశాం, పాటలు పాడాం, ఫోటోలు దిగాం. ఒకసారి నేను తాపీ పట్టుకుని మూడు ఇటుకలు పేర్చాను. రాజేశం నేను వెళ్లేదాకా ఆగి వాటిని ఊడదీసి మళ్లీ పెట్టాడు. నేను చూశానని అతనికి తెలియదు. శుక్రవారానికి పైన రేకులు పడ్డాయి. దర్వాజ పక్కన, రోడ్డు వైపు గోడలో, దానియేలు గారు శిలాఫలకం బిగించారు. ఆదివారం ఆరాధన తర్వాత ప్రారంభోత్సవం అన్నారు. రిబ్బను కూడా తెచ్చారు.

సిరిసిల్ల

శనివారం పొద్దున సాంచని తీసుకురావడానికి వనజతో పాటు నేనూ ఆటోలో సిరిసిల్ల వెళ్లాను. చూడ్డానికని వెళ్లాను, పనేం లేదు. వీధిలోకి తిరగ్గానే చెవులు దడదడలాడాయి. ప్రతి ఇంట్లోంచీ అదే చప్పుడు. ఇద్దరు మాట్లాడుకోవాలంటే నోరు చూసి అర్థం చేసుకుంటున్నారు.

ఒక ఇంటి ముందు ఆగి లోపలికి చూశాను. ముందుగది నిండా రెండు సాంచాలు, ఇనుపవి, నా భుజం ఎత్తున. వాటి పక్కనుంచి మనిషి ఒరిగి నడిచేంత సందు. ఆ సందు చివర పొయ్యి, పొయ్యి పక్కన మంచం. నాకు అప్పటిదాకా మగ్గమంటే తెనాలి ఎగ్జిబిషన్లో చూసిన చెక్కది. మడిచి మూల పెట్టుకునే వస్తువనుకున్నాను. సంచిలో టేపు ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

"ఇంత పెద్దది లోపలికెలా తెచ్చారండీ?" అని ఆ ఇంటాయన్ని అరిచి అడిగాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "తెచ్చుడేంది మేడం? ముందుగాల సాంచ పెడ్తం. తర్వాత దాని సుట్టు గోడ కడ్తం."

మెకానిక్ షెడ్డులో వనజ సాంచ నూనె రాసుకుని నల్లగా మెరుస్తోంది. నా సంచిలోంచి టేపు తీశాను. పొడవు సంగతి వదిలేయండి, అడ్డంగా తిప్పి తోసినా నాలుగున్నర అడుగులు. నా నెమళ్ల దర్వాజ మూడడుగులు.

"విప్పి లోపల బిగించలేమా?" అని మెకానిక్‌ని అడిగాను.

"బురదల మునిగిన దాన్ని ఇప్పుడే కుదురుకు తెచ్చిన మేడం. ఇప్పితె మళ్ల పది రోజులు."

పదిరోజులంటే సోమవారం పోయినట్టే. ఆటోలో వనజ పక్కన కూర్చుని, "ముందే గట్టిగా ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను. తప్పు నాదే అయినా కోపం ఆవిడ మీద చూపించాను, అలవాటు.

"చెప్పిన గద. తర్వాత చూద్దామన్నరు." రోడ్డు వైపు చూస్తూ అంది. "ఉత్తగ కట్టేటోళ్లకు రెండుసార్లు ఏం చెప్త?"

ముప్ఫై ఏళ్లు పిల్లల చేత గీతలు చెరిపించాను. ఆ మాటకి నా మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మళ్లీ తంగళ్ళపల్లి

మధ్యాహ్నానికి ట్రాలీ మీద సాంచ వచ్చింది. ఎనిమిది మంది మోసి దర్వాజ ముందు దింపారు. అందరూ సాంచని చూశారు, దర్వాజని చూశారు, తర్వాత నన్ను చూశారు.

"నాకేం ఎరుక మేడం? నేను మస్కటోళ్లకు కట్టిన. ఆడ ఇంట్ల సాంచాలుండయి" అన్నాడు రాజేశం. "దర్వాజ పీకుదామా?"

"వద్దు!" వనజ గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి. "పసుపు రాసి మొక్కి నిలబెట్టిన దర్వాజను పీకుతరా? మా ఆయన ఇంకా ఆ కడప తొక్కనేలేదు."

ఇంటికి రెండు పక్కలా ఇరుకు సందులు, వెనక పక్కింటి గోడ. మిగిలింది ముందుగోడ, శిలాఫలకం ఉన్నది. దానియేలు గారికి విషయం నెమ్మదిగా అర్థమైంది.

"రేపు ప్రారంభోత్సవం సుగుణమ్మగారూ. పేర్లు... జగిత్యాల నుంచి కూడా వస్తున్నారు. గోడ సంగతి మంగళవారం చూసుకుంటే?"

"మంగళవారానికి బీము ఉండదండి. ఆమె భర్త రాడు. మనం కట్టింది ఇల్లు కాదు, సోఫాకి షెడ్డు. గీసింది నేనే, నేనే పగలగొడతాను" అని సుత్తి అందుకుని ఒక్కటిచ్చాను. ఇటుక కదల్లేదు. నా మణికట్టు కదిలింది.

"గట్ల గాదు మేడం, జరుగుండ్రి" అని రాజేశం సుత్తి తీసుకుని ముందుగా శిలాఫలకాన్ని జాగ్రత్తగా ఊడదీసి పక్కన ఆనించాడు. ఆ తర్వాత మా పసుపు టీషర్టులన్నీ గోడ మీద పడ్డాయి. పదిరోజులు కట్టడంలో ఎందుకూ పనికిరానివాళ్లం కూల్చడంలో ఇంత ఘటికులమని మాకే తెలియదు. పొద్దుగూకేలోపు ఏడడుగుల బెజ్జం పడింది, సాంచ లోపలికెళ్లింది. నా అరచేతుల బొబ్బలు అప్పటివే. గ్రూపులో ఫోటో కింద "కట్టేటప్పుడు" అని రాశాను.

ఆదివారం ప్రారంభోత్సవం మానలేదు. నెమళ్ల దర్వాజకి అడ్డంగా రిబ్బను కట్టారు. జగిత్యాల నుంచి వచ్చిన పెద్దలు కత్తెర వచ్చేలోపే పక్కనున్న బెజ్జంలోంచి లోపలికెళ్లి కూర్చున్నారు. దానియేలు గారు రిబ్బను కత్తిరించి ఒక్కరే దర్వాజలోంచి వచ్చారు.

మెకానిక్ కరెంటు కలిపాడు. వనజ పిడి తోసింది. రేకుల కింద ఆ చప్పుడు ఒక్కసారిగా నిండిపోయింది. బీము ఇంకా ఎక్కలేదు, ఉత్తగానే తిరుగుతోంది. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని శంకర్‌కి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఏమీ మాట్లాడకుండా సాంచ దగ్గర పట్టుకుంది.

అవతల కూడా మాట లేదు. నిమిషం దాటింది. లైన్ పోయిందనుకున్నాం.

"బంద్ చెయ్యి" అన్నాడు శంకర్. వనజ ఆపింది. "ఎడమ దిక్కు ఎనుకకాలు లేస్తున్నది. టక్కు టక్కు ఇనబడ్తలేదా? దాని కింద సాపు బండ పెట్టుండ్రి. మందంగుండాలె."

బీవండి నుంచి వినిపించింది ఆయనకి. పక్కనే నిలబడ్డ మాకెవరికీ వినిపించలేదు. మెకానిక్ వంగి చూసి తలూపాడు. అందరం బండ కోసం వెతికాం. సాపుగా, మందంగా ఉన్న బండ ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది, గోడకి ఆనించి, బంగారు అక్షరాలతో.

దానియేలు గారు దానికేసి చూశారు, నాకేసి చూశారు. "కనీసం పేర్లు పైకి ఉండేలా..." అన్నారు.

"పైకి పెడ్తె తొక్కుతరు సార్" అన్నాడు రాజేశం. "కిందికి పెడ్దాం. దేవునికి ఎట్లున్నా కనబడ్తది గద?"

దానియేలు గారు కోటు విప్పి ఒక కొస తానే పట్టుకున్నారు. మా తొమ్మిది పేర్లూ బోర్లా పడి ఎడమకాలి కిందికి వెళ్లాయి. పదిరోజుల్లో మేం సరిగ్గా పెట్టిన రాయి అదొక్కటే.

వనజ మళ్లీ పిడి తోసింది. ఫోన్ పట్టుకుంది. ఈసారి శంకర్ ఎంతోసేపు విన్నాడు.

"ఇప్పుడు మంచిగైంది" అన్నాడు. "ఆసామికి చెప్పు, బీము ఎక్కియ్యిమను. నేను రాత్రి బస్సుకే ఎక్కుతున్న."

వనజ ఫోన్ పెట్టేసింది. బెజ్జంలోంచి వస్తున్న ఎండలో నిలబడి గది నాలుగు మూలలా చూసింది. సాంచ పోగా మిగిలింది మనిషి ఒరిగి నడిచే సందు. కళ్లు తుడుచుకుంటూ నా వైపు తిరిగి పగలబడి నవ్వింది.

"టీచరమ్మా, మరి సోఫా ఏడ ఏస్తం?"